4కె ప్లేయర్ కొనే ముందు సోఫా దూరం కొలవండి

ప్రశ్న: మా ఇంట్లో 55 అంగుళాల 4కె ఎల్ఈడీ టీవీ ఉంది. కొని నాలుగేళ్లయింది. గోడకు బిగించాం, సోఫా పదడుగుల దూరంలో ఉంటుంది. టీవీ శబ్దాన్ని బయటికి పంపే ఏఆర్‌సీ హెచ్‌డీఎంఐతో టీవీకి కలిపిన సౌండ్‌బార్ కూడా ఉంది. దాదాపు 250 డీవీడీలున్నాయి, ఎక్కువ పాత తెలుగు సినిమాలే. ఓ పదిహేను బ్లూరేలు, మా పెళ్లి డీవీడీలు కూడా ఉన్నాయి. పాత డీవీడీ ప్లేయర్ ట్రే ఇరుక్కుపోతోంది. డాలస్‌లో ఉండే మా బావగారు సంక్రాంతికి వస్తూ 4కె బ్లూరే ప్లేయర్ తెస్తానంటున్నారు. తెమ్మనమంటారా? మెల్లగా డీవీడీలన్నీ తీసేసి 4కె డిస్కులకు మారడం లాభమా, దండగా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

సమాధానం: బావగారికి ఫోన్ చేసి ప్లేయర్ మాత్రం వద్దనండి. 4కె డిస్కు బాగోదని కాదు. ఇంట్లో కూర్చుని సినిమా చూడటానికి ఇంతకన్నా మంచి బొమ్మ, మంచి శబ్దం ఇచ్చే సాధనం ఇప్పటికీ మరొకటి లేదు. కానీ మీ గది, మీ టీవీ, మీ బీరువాలోని డిస్కులు, ఈ మూడూ కలిపి చూస్తే అమెరికా ప్లేయర్ మీకు కొత్త తలనొప్పే అవుతుంది. 4కెకు మారడం సంగతి తర్వాత, ముందు ఆ ప్లేయర్ ఎందుకొద్దో చెబుతాం.

అమెరికాలో అమ్మే ప్లేయర్ డీవీడీకి రీజియన్ 1, బ్లూరేకి రీజియన్ ఎ అని తాళం వేసుకుని వస్తుంది, అంటే వేరే ప్రాంతపు తాళం ఉన్న డిస్కును ఆడించదు. మనది డీవీడీకి 5, బ్లూరేకి సి. మన సినిమా డీవీడీలు చాలావరకు ఏ రీజియన్ తాళమూ లేకుండానే వచ్చాయి కాబట్టి అక్కడ గట్టెక్కుతారు. అసలు చిక్కు పాల్, ఎన్‌టీఎస్‌సీ అనే రెండు టీవీ పద్ధతుల దగ్గర. రెండోది అమెరికాది. మన దేశంలో టీవీ ప్రసారాలు పాల్ పద్ధతి కాబట్టి ఇక్కడి డీవీడీల్లో కొన్ని పాల్‌లో, విదేశాల తెలుగువాళ్లకూ అమ్ముకోవాలని చేసినవి ఎన్‌టీఎస్‌సీలో వచ్చాయి. ఇక్కడి పాత ప్లేయర్ రెండింటినీ కిక్కురుమనకుండా ఆడించేది. అమెరికా కోసం తయారైన పెద్ద కంపెనీల ప్లేయర్లు చాలావరకు పాల్ డీవీడీని ముట్టుకోవు. ఈ డిస్కు ఆడించలేనని తెర మీద ఒక ముక్క పడేసి ఊరుకుంటాయి. మీ డీవీడీల్లో ఓ ముప్పై తీసి వెనక అట్ట కింది మూల చూడండి. పాల్ అనో ఎన్‌టీఎస్‌సీ అనో రాసి ఉంటుంది, పక్కనే గ్లోబు బొమ్మలో రీజియన్ అంకె ఉంటుంది. ముప్పైలో పది పాల్ అయినా బావగారి ప్లేయర్ మీకు పనికిరానట్టే.

పైగా కరెంటు. కొన్ని ప్లేయర్లకు బయట అడాప్టర్ ఉంటుంది, దాని మీద 100-240 వోల్టులు అని ఉంటే ప్లగ్గు పిన్ను మారిస్తే చాలు. కరెంటు తీగ నేరుగా లోపలికి వెళ్లే మోడళ్లలో కొన్ని 120 వోల్టులకే చేసినవి. వాటిని మన 230 వోల్టుల సాకెట్‌లో పెడితే క్షణంలో సరఫరా బోర్డు పోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు. ప్లేయర్ ముప్పై వాట్లకు మించి లాగదు కనుక వంద వాట్లది సరిపోతుంది. కానీ టీవీ కింద ఇంకో ఇనుప డబ్బా, వారంటీ లేని యంత్రం, చదవని డీవీడీలు... ఇన్ని ఓర్చుకునేంత లాభం ఉందా అన్నదే ప్రశ్న.

ఇప్పుడు ఆ లాభం సంగతి. 4కె డిస్కు అనగానే అందరూ బొమ్మ స్పష్టత గురించే మాట్లాడతారు. నిజానికి మీ ఇంట్లో మీకు అతి తక్కువగా తెలిసేది అదే. సరైన చూపున్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా వివరాన్ని విడదీసి చూడగలదు. ఆ లెక్కన 55 అంగుళాల తెర మీద మామూలు బ్లూరే చుక్కలు సుమారు ఏడడుగుల దూరం దాటితే కలిసిపోతాయి. అంటే ఏడడుగుల కన్నా వెనక కూర్చున్నవాళ్లకు బ్లూరేకి, 4కెకీ స్పష్టతలో తేడా తెలియదు. 43 అంగుళాలకు ఆ గీత అయిదున్నర అడుగులు, 65కు ఎనిమిదిన్నర, 75కు దాదాపు పది. వంద అంగుళాల ప్రొజెక్టర్ తెరకు పదమూడు. మీరు పదడుగుల్లో కూర్చుంటున్నారు. టేపు పట్టుకుని గోడ నుంచి కాకుండా టీవీ అద్దం నుంచి మీ కళ్లు ఉండే చోటికి కొలవండి. ఒక్కోసారి పదడుగులనుకున్నది ఎనిమిదిన్నరే అవుతుంది. అయినా మీరు గీతకు అవతలే ఉంటారు.

అదే లెక్క డీవీడీకి వేస్తే కథ వేరు. పాల్ డీవీడీలో నిలువునా 576 గీతలే. మీ టీవీ మీద అవి పదమూడడుగుల దాకా విడిగా తెలుస్తాయి. కాబట్టి మీ సోఫాలో కూర్చుని చూసినా డీవీడీకి, బ్లూరేకీ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. డీవీడీ నుంచి బ్లూరేకి దూకడం పెద్ద గెంతు, బ్లూరే నుంచి 4కెకు దూకడం మీ గదిలో చిన్నది. దుకాణంలో మూడడుగుల దూరాన నిలబెట్టి చూపిస్తారు కాబట్టి ఇది అక్కడ తెలియదు.

అలాగని 4కె డిస్కులో ఇంకేమీ లేదనుకోకండి. దూరంతో పనిలేకుండా కనిపించేవి రెండున్నాయి: వెలుగు, రంగు. మామూలు బ్లూరేలో ప్రతి రంగుకూ 256 మెట్లు; 4కె డిస్కులో 1024. సాయంత్రపు ఆకాశం, పొగమంచు, దీపం చుట్టూ వెలుగు... ఇలాంటి చోట్ల బ్లూరేలో, మరీ ముఖ్యంగా ఓటీటీలో, చారలు చారలుగా కనిపించేది 4కె డిస్కులో నున్నగా సాగిపోతుంది. ఇక హెచ్‌డీఆర్, అంటే వెలుగు చీకట్ల తేడాను ఎక్కువగా చూపే పద్ధతి. మామూలు వీడియోను 100 నిట్ల (వెలుగుకు కొలత) లెక్కన తయారుచేస్తారు. 4కె డిస్కుల్లో ఎక్కువ వాటిని 1000 నిట్ల దాకా, కొన్నిటిని 4000 దాకా లెక్కగట్టి చేస్తారు. నగ మీద మెరుపు, నిప్పురవ్వ, నీటి మీద ఎండ అసలు రూపంలో కనిపించేది అందుకే.

ఇక్కడే మీ నాలుగేళ్ల టీవీ అడ్డుపడొచ్చు. పెట్టె మీద హెచ్‌డీఆర్ అని ఉంటే ఆ సంకేతాన్ని అందుకోగలదని మాత్రమే అర్థం, చూపగలదని కాదు. మధ్యరకం ఎల్ఈడీ టీవీలు 300, 350 నిట్ల దగ్గర ఆగిపోతాయి. హెచ్‌డీఆర్ సంకేతం ఈ చుక్క ఇన్ని నిట్లు అని కచ్చితమైన అంకెగా వస్తుంది. టీవీకి అంత సత్తా లేనప్పుడు మెరుపుల్ని ఇరికించడానికి మిగతా బొమ్మనంతా కిందికి తొక్కేస్తుంది. ఫలితం, వేల రూపాయల ప్లేయర్‌లో కొత్త డిస్కు పెడితే బొమ్మ చీకటిగా ఉందని ఇంట్లో వాళ్లంతా గొణుగుతారు. తప్పు డిస్కుదీ కాదు, ప్లేయర్‌దీ కాదు. పానసోనిక్ ప్లేయర్లలో ఈ వెలుగును టీవీ స్థాయికి తగ్గట్టు ముందే సర్ది పంపే ఏర్పాటు ఉంది, మసక టీవీలకు అది నిజంగా పనిచేస్తుంది. ఆ ఏర్పాటు లేని ప్లేయర్ అయితే హెచ్‌డీఆర్ ఆపేసి మామూలుగా పంపమనడమే మేలు. మరి హెచ్‌డీఆర్ ఆపేసి, పదడుగుల్లో కూర్చుని చూసేదానికి 4కె డిస్కు ఎందుకు?

ఏమీ కొనకముందే పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. టీవీలోని యూట్యూబ్ యాప్‌లో 4కె హెచ్‌డీఆర్ అని రాసి ఉన్న ప్రకృతి దృశ్యాల వీడియో పెట్టండి, రాత్రిపూట లైట్లు తీసేసి. టీవీ మూలన హెచ్‌డీఆర్ గుర్తు వస్తుంది. సూర్యుడు, మంటలు, నీటి మెరుపు ఉన్న చోట కళ్లు చిట్లించాలనిపిస్తోందా, లేక మామూలు వీడియోలాగే ఉందా, ఇంకా మసకగా ఉందా? తర్వాత కుర్చీ లాక్కుని ఆరడుగుల్లో కూర్చుని అదే చూడండి. ఈ రెండు చోట్లా మీకు కనిపించిన తేడాయే మీరు 4కెకు పెట్టే డబ్బుకు వచ్చే ప్రతిఫలం, అటూ ఇటూగా. యూట్యూబ్ వీడియోను పిండి పిప్పిచేసి పంపుతారు కాబట్టి డిస్కు దీనికన్నా కాస్త మెరుగ్గానే ఉంటుంది. కానీ టీవీకి లేని వెలుగును ఏ డిస్కూ తేలేదు.

ఓటీటీలో 4కె వస్తుండగా డిస్కు ఎందుకని మీరు అడగలేదు గానీ, ఈ లెక్కా చూడండి. ఓటీటీలో 4కె సినిమా సెకనుకు సుమారు 15, 16 మెగాబిట్ల మీద నడుస్తుంది. 4కె డిస్కులో అది సగటున 50, 60 ఉంటుంది. వంద జీబీల డిస్కులో గరిష్ఠంగా 128 దాకా వెళ్లొచ్చు. రెండున్నర గంటల సినిమా ఓటీటీలో 18 జీబీ అయితే డిస్కులో 56 నుంచి 67 జీబీ దాకా. వర్షం, ధూళి, జనసమూహం, వేగంగా కదిలే కెమెరా, ఇలాంటి చోట్ల ఓటీటీ బొమ్మ ముద్దముద్దగా అవుతుంది, డిస్కుది చెదరదు. శబ్దంలో తేడా ఇంకా ఎక్కువ. ఓటీటీ డాల్బీ శబ్దం 768 కిలోబిట్లకు మించదు. డిస్కులోని డాల్బీ ట్రూహెచ్‌డీ, దాని పోటీ కంపెనీ డీటీఎస్ వాళ్ల హెచ్‌డీ మాస్టర్ ఆడియోలు స్టూడియోలో కలిపిన శబ్దాన్ని ఏమీ తీసేయకుండా ఇస్తాయి. ఈ శబ్దం మామూలు బ్లూరేలోనూ ఉంటుందన్నది గుర్తుంచుకోండి, చాలామంది మరిచిపోయేది ఇదే.

కానీ మీ సౌండ్‌బార్‌కి అది చేరదు. ఏఆర్‌సీ దారి ఇరుకు, ట్రూహెచ్‌డీ అందులో పట్టదు. దాని వెడల్పాటి కొత్త రూపం ఈఏఆర్‌సీ ఉండాలి, అదీ టీవీ, సౌండ్‌బార్ రెండింటిలోనూ. ప్లేయర్‌ను టీవీకి కలిపి, టీవీ నుంచి ఏఆర్‌సీ మీద శబ్దం తీసుకుంటే చివరికి సౌండ్‌బార్‌కి అందేది పాత డాల్బీ డిజిటలే. డీటీఎస్ డిస్కులతో ఇంకో వింత జరుగుతుంది: బొమ్మ వస్తుంది, మాట రాదు. శాంసంగ్ 2018 నుంచి, ఎల్‌జీ 2020-22 మధ్య చేసిన టీవీల్లో డీటీఎస్‌ను తీసేశారు. టీవీ దాన్ని చదవలేదు, సౌండ్‌బార్‌కీ పంపదు. డిస్కు పాడైందని వెనక్కిచ్చేసే ముందు ప్లేయర్ ఆడియో సెట్టింగ్‌లో బిట్‌స్ట్రీమ్ బదులు పీసీఎం (శబ్దాన్ని ప్లేయరే విప్పి పంపే పద్ధతి) పెట్టి చూడండి. శబ్దం వస్తుంది, అయితే ఏఆర్‌సీ మీద రెండే ఛానళ్లు వస్తాయి. మీ సౌండ్‌బార్ వెనక హెచ్‌డీఎంఐ ఇన్ అని రాసిన రంధ్రం ఉందేమో చూడండి. ఉంటే, సోనీ ఎక్స్700 లాంటి రెండు హెచ్‌డీఎంఐ అవుట్‌లున్న ప్లేయర్‌తో ఒక తీగ టీవీకి బొమ్మ కోసం, ఇంకోటి సౌండ్‌బార్‌కి శబ్దం కోసం వేసుకోవచ్చు. ఏఆర్‌సీ రంధ్రం ఒక్కటే ఉంటే ఆ దారి లేదు.

ఇక మీ 250 డీవీడీలు. వాటిని తీసేసి 4కెలో కొనుక్కోవాలన్నారు. కొనడానికి ఉండాలిగా! తెలుగు సినిమా 4కె డిస్కుగా రావడం చాలా అరుదు, పాత సినిమాల సంగతి చెప్పనే అక్కర్లేదు. బ్లూరేలో వచ్చినవీ కొద్దే. డీవీడీలో తప్ప మరెక్కడా దొరకని సినిమాలు మీ దగ్గర ఉండే అవకాశం ఎక్కువ, ఓటీటీలోనూ లేనివి. వాటిని తీసేస్తే మళ్లీ రావు.

వాటి బొమ్మ ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. ఎందుకలా ఉంటుందో తెలుసుకుంటే ఏ ప్లేయర్ ఎంతవరకు ఆదుకుంటుందో అర్థమవుతుంది. పాత తెలుగు డీవీడీల్లో చాలావాటిలో సినిమాస్కోప్ బొమ్మను పాత చదరపు టీవీ చట్రంలో పైనా కిందా నల్ల పట్టీలతో సహా అచ్చువేశారు. ఎన్‌టీఎస్‌సీ డీవీడీలో ఉన్న 480 గీతల్లో అసలు సినిమాకు మిగిలేది 272. మిగతావి నలుపు. ఇవాళ్టి వెడల్పు టీవీలో అదే డిస్కు పెడితే నాలుగు వైపులా నల్ల అంచు, మధ్యలో చిన్న కిటికీ. జూమ్ చేస్తే నిండుతుంది, కానీ నింపేది ఆ 272 గీతలనే. పైగా మూలన కంపెనీ లోగో, అప్పుడప్పుడూ అడ్డంగా ఫోన్ నంబరు. త్రీ ఇన్ వన్ డిస్కులైతే మరీ ఘోరం: మూడు సినిమాలు కలిపి ఏడున్నర గంటలు, ఒకే పొర ఉన్న 4.7 జీబీ డిస్కులో కుక్కితే సెకనుకు 1.4 మెగాబిట్లు. వీసీడీ కన్నా పిసరంత ఎక్కువ. అదే ఒక్క సినిమాను రెండు పొరల 8.5 జీబీ డిస్కు మీద ఇస్తే ఏడు మెగాబిట్లు వస్తాయి, అలాంటి డీవీడీలు ఇప్పటికీ చూడబుద్ధేస్తాయి. మీ డీవీడీలను ఈ రెండు రకాలుగా విడదీసుకోండి. డిస్కులో లేని వివరాన్ని 4కె ప్లేయర్ పుట్టించలేదు. కదిలే మనుషుల అంచుల్లో దువ్వెన పళ్లలా కనిపించే గీతలను మాత్రం మంచి ప్లేయర్ బాగా తగ్గిస్తుంది. ప్లేయర్‌లో అవుట్‌పుట్‌ను ఒకసారి 4కె, ఒకసారి 1080 పెట్టి, పెద్దది చేసే పని ప్లేయర్ బాగా చేస్తోందా, టీవీ బాగా చేస్తోందా చూసుకోండి. ఒక్కో జోడీకి ఒక్కోలా ఉంటుంది.

అందుకని మా మాట ఇది. ఇరుక్కుపోతున్న పాత ప్లేయర్ స్థానంలో ఇప్పటికి మన రీజియన్‌కు పనికొచ్చే, పాల్, ఎన్‌టీఎస్‌సీ రెండూ ఆడించే మామూలు బ్లూరే ప్లేయర్ తీసుకోండి. వాడినదైనా ఫర్వాలేదు, కాకపోతే అమ్మేవాళ్ల దగ్గరే మీ పాల్ డీవీడీ ఒకటి, రెండు పొరల డీవీడీ ఒకటి, బ్లూరే ఒకటి పెట్టి చివరి అధ్యాయం దాకా దూకించి చూడండి. లేజర్ బలహీనపడితే రెండో పొర దగ్గరే ముందు తడబడుతుంది. వీసీడీలుంటే అదీ ఒకటి పట్టుకెళ్లండి, కొత్త ప్లేయర్లలో చాలావరకు వీసీడీలను చదవవు. మీ పదిహేను బ్లూరేలూ అందులో ఆడతాయి, డీవీడీలూ ఆడతాయి. 4కె సంగతి టీవీ మార్చే రోజున చూసుకోవచ్చు.

అప్పటికి ప్లేయర్లు దొరుకుతాయా అంటారేమో. భయం న్యాయమైనదే. ఒప్పో 2018లో ఈ రంగం వదిలేసింది, శాంసంగ్ 2019లో, ఎల్‌జీ 2024 చివర్లో. పెద్ద కంపెనీల్లో గట్టిగా నిలబడింది సోనీ, పానసోనిక్‌లే. ధరలు పడిపోయే దాకా ఆగుదామనుకునే రకం వస్తువు కాదిది. ఇంట్లో పిల్లలు గేమ్స్ ఆడేవాళ్లయితే, ఎలాగూ ప్లేస్టేషన్ 5 కొనే ఆలోచన ఉంటే, డిస్కు డ్రైవు ఉన్నది తీసుకోండి. అదే 4కె డిస్కులనూ ఆడిస్తుంది, ఇక్కడి వారంటీతో వస్తుంది. డిజిటల్ ఎడిషన్ అని ఉన్నదానికి డ్రైవు ఉండదు. డ్రైవున్న ప్లేస్టేషన్ 5కీ లోట్లున్నాయి: డాల్బీ విజన్ (డాల్బీ వాళ్ల హెచ్‌డీఆర్) లేదు, ఆడియో సీడీలు ఆడించదు. ఎక్స్‌బాక్స్‌లో డిజిటల్ ఎడిషన్ కాని సిరీస్ ఎక్స్‌కు డిస్కు డ్రైవు ఉంది, సిరీస్ ఎస్‌కు లేదు. పాత ప్లేస్టేషన్ 4 ప్రో ప్రచారంలో 4కె గొప్పలు చెప్పుకున్నా 4కె డిస్కు చదవదు. కంప్యూటర్ దారి అసలు వద్దు. 4కె డిస్కు తాళం తెరవడానికి కావలసిన భద్రతా ఏర్పాటును ఇంటెల్ తన 11వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల నుంచి తీసేసింది. కొత్త కంప్యూటర్‌కు డ్రైవు కొని తగిలించినా అధికారిక సాఫ్ట్‌వేర్‌లో సినిమా రాదు.

బావగారిని ఉత్త చేతులతో రమ్మనక్కర్లేదు. 4కె డిస్కులకు రీజియన్ తాళం లేదు. అమెరికాలో కొన్నది ఇక్కడి ఏ 4కె ప్లేయర్‌లోనైనా ఆడుతుంది. మీరు రేపో మాపో 4కెకు మారేది ఖాయమనుకుంటే మీకిష్టమైన ఇంగ్లిష్ సినిమాలు రెండో మూడో తెమ్మనండి. అదే పెట్టెలో తోడుగా వచ్చే మామూలు బ్లూరేకి మాత్రం రీజియన్ ఎ తాళం ఉండొచ్చు, దాన్ని మీ ప్లేయర్ తిప్పికొడితే ఆశ్చర్యపోకండి. ఏ సినిమాలు తెమ్మనాలంటే, 35 ఎంఎం ఫిల్మ్ మీద తీసి, నెగటివ్‌ను 4కెలో కొత్తగా స్కాన్ చేసినవి. 2000 తర్వాత పదిహేనేళ్లలో వచ్చిన భారీ గ్రాఫిక్స్ సినిమాలు చాలావాటిని 2కెలోనే, అంటే దాదాపు బ్లూరే స్పష్టతలోనే, పూర్తిచేశారు. 4కె డిస్కులో ఉన్నది దాన్నే సాగదీసిన బొమ్మ. హెచ్‌డీఆర్ లాభం ఉంటుంది గానీ స్పష్టత పెద్దగా పెరగదు. పాత సినిమా డిస్కులో సన్నటి ఇసుక చల్లినట్టు కదలిక కనిపిస్తే అది లోపం కాదు, ఫిల్మ్ రేణువే.

మున్ముందు 4కె ప్లేయర్ పెట్టుకున్న రోజున మొదటి గంటలోనే ఎక్కువమంది పడే గుంత ఒకటుంది. టీవీలు తమ హెచ్‌డీఎంఐ రంధ్రాలను తక్కువ సామర్థ్యంలో బిగించి ఉంచుతాయి. దాన్ని చేత్తో మార్చాలి. ఎల్‌జీలో హెచ్‌డీఎంఐ అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్, శాంసంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, సోనీలో హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్ కింద ఎన్‌హాన్స్‌డ్. ప్లేయర్ తగిలించిన రంధ్రానికే మార్చాలి, అన్నిటికీ ఒకేసారి మారదు. మార్చాక డిస్కు ఆడుతుండగా రిమోట్‌లో ఇన్ఫో నొక్కితే 3840 బై 2160, హెచ్‌డీఆర్ అని కనపడాలి. 1920 అని వస్తే టీవీ రంధ్రం హెచ్‌డీసీపీ 2.2 (కాపీ రక్షణ ఏర్పాటు) లేనిదో, మధ్యలో పాత సౌండ్‌బార్ అడ్డుపడుతోందో. అయిదు నిమిషాలకోసారి తెర నల్లబడి తిరిగొస్తున్నా, తెర మీద తెల్లటి మినుకులు పడుతున్నా తీగను అనుమానించండి. ప్రీమియం హై స్పీడ్ గుర్తున్నది, రెండు మీటర్లకు మించనిది వేయండి. ప్లేయర్‌లో 24 ఫ్రేముల అవుట్‌పుట్ పెట్టి, బ్లూరే సెకండరీ ఆడియో ఆపేయండి. అది నడుస్తుంటే ట్రూహెచ్‌డీ బదులు మామూలు డాల్బీ బయటికొస్తుంది. టీవీలో మోషన్ స్మూతింగ్ కూడా ఆపండి, లేకపోతే సినిమా కాస్తా టీవీ సీరియల్‌లా కనిపిస్తుంది. మూడు పొరల వంద జీబీ డిస్కులు ఒక్క వేలిముద్రకే మధ్యలో ఆగిపోతాయి. కొత్త డిస్కు మీదా ఫ్యాక్టరీ జిడ్డు ఉంటుంది. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పుతూ తుడిస్తే పడే గీత డేటా వెంబడే పడుతుంది. అప్పటికీ ఒకే చోట ఆగుతుంటే ప్లేయర్ ఫర్మ్‌వేర్‌ను (లోపలి సాఫ్ట్‌వేర్‌ను) అప్‌డేట్ చేయండి, ఆ తర్వాతే డిస్కును తిప్పి పంపండి.

మీ లెటర్‌లో పెళ్లి డీవీడీల గురించి ఒక్క మాటే రాశారు. ఖర్చు పెట్టేదేదైనా ఉంటే మొదట దాని మీద పెట్టండి. సినిమా డీవీడీలో డేటా అచ్చుగుద్దిన గుంటలు. మీ పెళ్లి డీవీడీలో ఉన్నది లేజర్‌తో కాల్చిన రంగుపూత. ఎండ, వేడి, గోదావరి గాలిలోని తేమ, ఈ మూడింటికీ అది ముందు లొంగుతుంది. ప్లేయర్‌లో ఆడుతోంది కదా అని ఊరుకోకండి. ప్లేయర్ తప్పుల్ని సర్దుకుంటూ లాక్కొస్తుంది, ఒక రోజు ఉన్నట్టుండి చదవడం మానేస్తుంది. దాని మీద ఫొటో స్టిక్కర్ అంటించి ఉంటే పీకకండి, డిస్కు వంగి పాడైపోవచ్చు.

రెండు మూడు వేల రూపాయల్లో యూఎస్‌బీ డీవీడీ రైటర్ దొరుకుతుంది. డిస్కు పెట్టి వీడియో_టీఎస్ అనే ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు కంప్యూటర్‌లోకి కాపీ చేయండి. అందులోని వీఓబీ అనే వీడియో ఫైళ్లను విడివిడిగా కాకుండా మొత్తం ఫోల్డర్. తర్వాత మేక్‌ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ముక్కలన్నీ కలిసి ఒకే ఫైలవుతుంది, నాణ్యత ఇసుమంత కూడా తగ్గదు. స్టూడియోలో ఇస్తే ఎంపీ4గా మార్చి చిన్నది చేసి ఇస్తారు, అది వద్దు. చిన్నది ఫోన్‌లో చూసుకోవడానికి వేరే చేసుకోవచ్చు. ఒక కాపీ ఇంట్లో హార్డ్ డిస్కులో, ఇంకోటి వేరే ఊళ్లో ఉండే వాళ్ల దగ్గర పెట్టండి. సంక్రాంతికి వచ్చిన బావగారి చేతికే ఇచ్చి పంపొచ్చు. కాపీ మధ్యలో ఆగిపోతే డిస్కును తుడిచి వేరే కంపెనీ డ్రైవులో ప్రయత్నించండి, ఒక డ్రైవు చదవనిది ఇంకోటి చదవడం మామూలే. అప్పటికీ కాకపోతే డీడీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చదవగలిగినంత ముందు లాగేసి, మొరాయించిన చోట్లకు మళ్లీ మళ్లీ వస్తుంది. రాత్రంతా నడవనివ్వండి, మధ్యలో ఆపినా లాగ్ ఫైల్ చెరపకపోతే మళ్లీ అక్కడి నుంచే మొదలుపెడుతుంది.